మూలపురుషుని జాడ

శ్రీ విజయపురమని 2024లో పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నగరం నుంచి దక్షిణదిశగా ట్రంకు రోడ్డు పట్టిన బస్సు, ఎత్తుపల్లాల మలుపులు కొన్ని దాటగానే గరాచర్మ చేరుతుంది. ఒక వంక కొబ్బరి, పోక చెట్లు. మరొక వంక దుకాణాలు, మరమ్మతు షెడ్లు, రేకు కప్పుల ఇళ్లు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే ఈ ద్వీపంలో ఏ పైరు నిలుస్తుందో, ఏది కుళ్లిపోతుందో పరిశీలించే కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. 1978లో ఏర్పడిన ఆ సంస్థ పేరు తప్ప గరాచర్మను గురించి బయటి ప్రపంచానికి తెలిసినది స్వల్పం. విహారయాత్రికులు ఇక్కడ దిగరు. వారికి సెల్యులార్ జైలు కావాలి, నీలి సముద్రం కావాలి. గరాచర్మ మనుషులు కాపురాలు చేసుకునే ఊరు, అంతే.

కాని ఆ కాపురాలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో విచారిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల జనసంఖ్య 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 50 వేలు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకో, కూలికో, చిన్న ఉద్యోగానికో ఓడ ఎక్కి వచ్చినవారు, వారి పిల్లలు, మనుమలు. వారి పక్కన బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ ప్రాంతపు ఆదివాసులు. అందరికంటె ముందు వచ్చి, ఈ గడ్డ మీదనే పుట్టినవారమని చెప్పుకొనే 'లోకల్ బోర్న్' కుటుంబాలు వేరు. ఆ కుటుంబాల మూలపురుషులు ఖైదీలు. 1858లో నెలకొల్పిన శిక్షా స్థావరంలో సత్ప్రవర్తనతో కొన్నేళ్లు గడిపిన ఖైదీకి సొంతంగా సేద్యం చేసుకుని బతికే అనుమతి ఇచ్చేవారు. అటువంటి 'స్వయంపోషకులు' నివసించిన పల్లెలలో గరాచర్మ ఒకటి. పాత ఇంగ్లీషు కాగితాలలో దాని పేరు 'గరాచరామ' అని కనిపిస్తుంది.

ఖైదీ మెడలో ఒక చెక్కబిళ్ల వేలాడేది. దాని మీద అతని సంఖ్య, శిక్షకు కారణమైన సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదల కావలసిన తేదీ చెక్కి ఉండేవి. అంత ఖచ్చితమైన చరిత్ర మెడలో మోసిన మనుషులు లోకంలో అరుదు. అయినా ముని మనుమల వద్దకు వచ్చేసరికి ఆ చెక్కబిళ్ల ఉండదు, కథ ఒక్కటే మిగులుతుంది. తాత తిరుగుబాటులో పట్టుబడ్డాడని ఒక ఇంట, అన్న చేసిన హత్యను తన నెత్తిన వేసుకున్నాడని ఇంకొక ఇంట చెప్పుకొనే కథలు ఇటువంటి వలస సమాజాలన్నిటిలో వినిపించేవే. 1942 నుంచి 1945 వరకు ద్వీపాలు జపాను సైన్యం చేతిలో ఉన్నాయి. ఆ కాలపు దస్తావేజులు చాలావరకు నశించాయి. తాత ఉన్నాడనడానికి ఇక మనుమడే సాక్ష్యం. ఏ తాత అన్నదే తేలని సంగతి.

ఇంటి మూలపురుషుని గురించే ఇంత సందిగ్ధం ఉన్నప్పుడు మతానికి మూలపురుషుని మాట ఏమనాలి? దేవాలయం, మసీదు, చర్చి, గురుద్వారా ఒకే ఊళ్లో ఇమిడిన ఈ ద్వీపాలలో ఈ ప్రశ్నకు తావు ఎక్కువ. ఇక్కడి మతాలన్నీ ఓడ దిగి వచ్చినవే. వాటిలో ఒకదాని వ్యాప్తికి ఫొటోలతో సహా సాక్ష్యం ఉంది. కార్ నికోబార్‌లో పుట్టి, మాండలేలో చదివి, సొంత భాషలోకి కొత్త నిబంధనను అనువదించి, తన జనాన్ని క్రైస్తవం వైపు నడిపించిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు, 1978లో మరణించాడు. ఆయన ఉన్నాడా లేడా అని అడిగేవారు ఎవరూ లేరు. ఆయన బోధించిన యేసు విషయంలో మాత్రం 19వ శతాబ్దపు జర్మనీలో బ్రూనో బౌవర్ వంటివారు ఆ ప్రశ్న అడిగారు. నేటి చరిత్రకారులలో దాదాపు అందరూ యేసు ఉన్నాడనే అంటారు.

బుద్ధుని విషయంలో నడిచిన వాదం మన దేశంలో అంతగా తెలియదు. తెలియవలసినవారిలో తెలుగువారు మొదటివారు, ఎందుకంటే ఆ వాదంలో ఒక ముఖ్యమైన సాక్ష్యం తెలుగునేల నుంచి బయటపడింది. ఆ సాక్ష్యాలు వెలువడుతున్న రోజులలోనే, వాటిని చర్చించే ప్రధాన పత్రికలలో ఒకదాని సంపాదకుడు గరాచర్మకు ఎదురుగా సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన పేరు సర్ రిచర్డ్ కార్నాక్ టెంపుల్. (ఇంగ్లీషులో ఆ ఇంటిపేరుకు గుడి అని అర్థం, ఆయన పరిశోధనకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.) 1894లో అండమాన్ నికోబార్ ద్వీపాల చీఫ్ కమిషనరుగా వచ్చి సుమారు పదేళ్లు ఉన్నాడు. నివాసం రాస్ దీవి. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమని పేరు మార్చారు. సుమారు 12 వేల మంది ఖైదీల మంచిచెడ్డలు, గరాచర్మ వంటి పల్లెల శిస్తులు, 1901 జనాభా లెక్కల నివేదిక ఆయన పగటి పనులు. మిగిలిన వేళ 'ఇండియన్ యాంటిక్వరీ' పని. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలను పరిశీలించిన జేమ్స్ బర్జెస్ 1872లో ప్రారంభించిన ఈ పత్రికకు 1885 నుంచి శాసన పండితుడు జె. ఎఫ్. ఫ్లీట్, టెంపుల్ కలిసి, 1892 తరువాత టెంపుల్ ఒక్కడే సంపాదకులు. పత్రిక అచ్చయ్యేది బొంబాయిలో; సంపాదకుడు ఉన్నది కాలాపానీలో. ఓడ వస్తే తప్ప ఉత్తరం లేని దీవి నుంచి శాసనాలు, లిపులు, నాణేల మీద పత్రిక నడపడం సామాన్యమైన దీక్ష కాదు.

టెంపుల్‌కు ఈ విషయంలో మరొక అర్హత కూడా ఉంది. పంజాబు గాథలను మూడు సంపుటాలుగా సేకరించినవాడాయన. బర్మాలో పనిచేసి, అక్కడి ముప్పైయేడుగురు 'నాట్' దేవతల మీద 1906లో గ్రంథం ప్రకటించాడు. ఆ నాట్‌లలో అనేకులు ఒకప్పటి మనుషులు, రాజులు, రాణులు, అకాల మరణం పాలైనవారు, చనిపోయాక పూజలందుకున్నవారు. మనిషి దేవుడు కావడం ఆయన కళ్లారా చూసిన వ్యవహారం. యూరపులోని పండితులు కొందరు అందుకు తలక్రిందుల వాదం చేశారు: దేవుడే క్రమంగా మనిషి అయ్యాడని.

ఆ వాదం మొదలైనది 1854లో. ఆక్స్‌ఫర్డ్ సంస్కృతాచార్యుడు హోరేస్ హేమన్ విల్సన్ ఒక ఉపన్యాసంలో శాక్యముని అనే వ్యక్తి నిజంగా ఉన్నాడా అన్న అనుమానం వెలిబుచ్చాడు. ఆయన పట్టుకున్నవి పేర్లు. తల్లి పేరు మాయ. తండ్రి శుద్ధోదనుడు, పరిశుద్ధమైన అన్నం గలవాడు. కుమారుడు సిద్ధార్థుడు, ప్రయోజనం నెరవేరినవాడు. పుట్టిన ఊరు కపిలవస్తు, అంటే సాంఖ్య దర్శనకర్త కపిలుని గుర్తుచేసే స్థలం. ఇవన్నీ మనుషుల పేర్లా, తత్త్వానికి తొడిగిన పేర్లా అని ఆయన ప్రశ్న. సంస్కృతం కలిసిన భాష మాట్లాడే తెలుగువాడికి ఈ అనుమానం అసంబద్ధంగా తోచదు. కాని వెంటనే ఒక నవ్వు కూడా వస్తుంది. లక్ష్మి కొడుకు ధర్మారావు అనే గుమాస్తా ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అతడు రూపకాలంకారం కాదు.

1875 నాటికి ఫ్రెంచి పండితుడు ఎమీల్ సెనార్ మరింత బలమైన సిద్ధాంతం తెచ్చాడు. 'లలితవిస్తరం' వంటి గ్రంథాలలోని బుద్ధచరితను విడదీసి చూస్తే అది సూర్యగాథ అని ఆయన అన్నాడు. పుట్టగానే వేసిన అడుగులు, చీకటి శక్తి అయిన మారునితో చెట్టు కింద జరిగిన యుద్ధం, ప్రపంచమంతా దొర్లే చక్రం, అన్నీ సూర్యుని చిహ్నాలేనని. మతాన్ని స్థాపించిన ఒక గురువు ఉండి ఉండవచ్చునని సెనార్ ఒప్పుకున్నాడు. ఆయన జీవితకథ అని మనకు అందినది మాత్రం ఆకాశం నుంచి దిగినదన్నాడు. హాలెండు పండితుడు హెండ్రిక్ కెర్న్ ఆ పాటి మినహాయింపు కూడా ఇవ్వక, శిష్యులను సైతం నక్షత్రాలుగా, గ్రహాలుగా లెక్కకట్టాడు. 1881లో హెర్మన్ ఓల్డెన్‌బర్గ్ అనే జర్మను పండితుడు పాలి గ్రంథాలను ముందుకు తెచ్చి ఎదురు నిలిచాడు. వాటిలో ఊళ్ల పేర్లు, దారులు, వానకాలపు మజిలీలు, భిక్షువుల తగవులు ఉన్నాయి. సూర్యునికి వీటితో పని ఏమిటని ఆయన వాదం.

పుస్తకానికి పుస్తకం సమాధానం చెప్పుకుంటున్న ఈ దశలో రాళ్లు మాట్లాడడం మొదలుపెట్టాయి. 1896 డిసెంబరులో నేపాల్ తరాయిలోని లుంబినిలో అశోకుని స్తంభశాసనం బయటపడింది. పట్టాభిషేకమైన ఇరవయ్యో యేట తాను స్వయంగా వచ్చి, శాక్యముని బుద్ధుడు పుట్టిన ఈ చోటును పూజించి, ఊరికి పన్ను తగ్గించినట్టు చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. పన్ను తగ్గింపు వంటి పరమ లౌకికమైన మాట పక్కన బుద్ధుని పేరు రావడంతో సూర్యసిద్ధాంతం కూలిపోయిందని చాలామంది సంతోషించారు.

ఆ సంతోషం కొంత తొందరపాటు. లుంబినికి కొద్ది దూరంలోని నిగాలీసాగర్‌లో అశోకునిదే మరొక స్తంభం ఉంది. శాక్యమునికి యుగాల పూర్వం అవతరించాడని బౌద్ధులు నమ్మే కనకముని బుద్ధుని స్తూపాన్ని తాను రెట్టింపు చేయించానని రాజు అందులో ప్రకటించాడు. కనకమునిని చారిత్రక పురుషుడని ఏ చరిత్రకారుడూ అనడు. అశోకుని సాక్ష్యం ఆయనకు చెల్లకపోతే శాక్యమునికి మాత్రం ఎలా చెల్లుతుంది? స్తంభం చెప్పేది క్రీ. పూ. 3వ శతాబ్దిలో జనం ఏమి నమ్మారన్నది; అంతకు మించి లాగితే రాయి పగులుతుంది.

ఈలోగా మోసం కూడా ఒకటి నడిచింది. లుంబిని తవ్వకాలతో పేరు వచ్చిన ఫ్యూరర్ అనే పురావస్తు అధికారి, బర్మా భిక్షువు ఒకరికి నకిలీ ధాతువులను అంటగట్టాడు. బుద్ధుని దంతమని పంపినది గుర్రపు పన్నుగా తేలింది. 1898లో ఉద్యోగం పోయింది. అదే సంవత్సరం జనవరిలో పిప్రహ్వా స్తూపంలో విలియం పెప్పే అనే ఎస్టేటు యజమాని రాతిపెట్టెను తీయించాడు. అస్థికలు, బంగారు పూలు, మణులు, ఒక కరండం మీద బ్రాహ్మీ శాసనం. లుంబిని శాసనాన్ని వివరించిన మహాపండితుడు గేయోర్గ్ బ్యూలర్ దాన్ని బుద్ధుని ధాతువులుగా చదివి, ఏప్రిల్‌లో కాన్‌స్టన్స్ సరస్సులో పడవ ప్రమాదంలో మరణించాడు. ఆయన స్మృతిచిహ్నంగా 'ఇండియన్ యాంటిక్వరీ' ప్రత్యేక సంచిక వెలువడింది. సంపాదకుడు అండమాన్‌లోని టెంపుల్. పాత సహసంపాదకుడు ఫ్లీట్ మాత్రం 1906 ప్రాంతంలో అదే శాసనాన్ని వేరుగా చదివాడు: అవి బుద్ధుని అస్థికలు కావు, ఆయన బంధువులవి అని. అక్షరాలు అవే, విభక్తిని ఎక్కడ కలపాలన్నదే తగవు.

ఇక తెలుగు సాక్ష్యం. గరాచర్మలోని ఉత్తరాంధ్ర కుటుంబాలకు దూరపు మాట కాదు ఇది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున సాలిహుండం స్తూపాలు ఉన్నాయి. అండమాన్ ఓడ బయలుదేరే విశాఖపట్నానికి చేరువలో, సముద్రానికి ఎదురుగా ఉన్న బావికొండ మీద 1980లలో తవ్వినప్పుడు పాత్రలో ఒక అస్థిక దొరికింది. బుద్ధునిదే అని నమ్మిక. కాని నమ్మికను అక్షరాలలో చెక్కించిన చోటు ఇంకా దక్షిణాన, కృష్ణ సముద్రంలో కలిసే మైదానంలో ఉంది. తెనాలి-రేపల్లె రైలుదారిలో దిగవలసిన భట్టిప్రోలు, నేటి బాపట్ల జిల్లా.

అక్కడి స్తూపం ఇటుకలనూ పాలరాళ్లనూ 19వ శతాబ్దంలో రోడ్లకు, కాలువ పనులకు తరలించుకుపోయారు. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి, లోపల మూడు రాతి భరిణెలను కనుగొన్నాడు. స్ఫటికపు కుప్పెలు, బంగారు పూలు, ముత్యాలు, అస్థి శకలాలు. భరిణెల అంచుల మీద శాసనాలు. వాటిని 1894లో చదివి ప్రకటించినది ఆ బ్యూలరే. లిపి బ్రాహ్మీయే అయినా కొన్ని అక్షరాలు అశోకుని లిపికి భిన్నం. వాటి కాలం క్రీ. పూ. 200 ప్రాంతమని ఆయన అంచనా. కొంత తరువాతిదని అనేవారూ ఉన్నారు. ఒక దానిలో కుబిరకుడనే రాజు ప్రస్తావన, గోష్ఠి సభ్యుల పేర్ల పట్టిక ఉన్నాయి. ఇంకొక దానిలో కుర అనే వ్యక్తి కుటుంబం బుద్ధుని శరీరధాతువులను ఉంచడానికి భరిణెనూ స్ఫటికపు పెట్టెనూ దానం చేసినట్టు ఉంది.

బుద్ధ శరీరం అన్న మాటను గమనించాలి. సూర్యునికి ఎముకలు ఉండవు. అమరావతి శిల్పాలలో తొలిదశలో బుద్ధుని మనిషి రూపంలో చెక్కలేదు. చక్రం, చెట్టు, పాదముద్రలు, ఖాళీ సింహాసనం మాత్రమే చెక్కారు. అవి చూసినవాడు సెనార్ వైపు మొగ్గవచ్చు. కాని ఆ స్తూపం నడిమధ్యన, భట్టిప్రోలు స్తూపం నడిమధ్యన పూజింపబడినది చక్రం కాదు, చనిపోయిన మనిషి అస్థి. మహిమలతో నిండిన 'లలితవిస్తరం' వంటి కావ్యాలు ఆ తరువాతి శతాబ్దాలవి. సూర్యుడు మనిషిగా దిగివచ్చి ఉంటే తొలి రోజుల ఆనవాళ్లలో వెలుగు ఎక్కువగా, ఎముక తక్కువగా ఉండాలి. జరిగినది అందుకు విరుద్ధం. భట్టిప్రోలు భరిణెలోని అస్థిక ఎవరిదో ఏ శాస్త్రమూ నిరూపించలేదు. నిరూపించే దారి కూడా కనబడదు. మగధకు వందల క్రోసుల దూరాన, కృష్ణా ముఖద్వారం దగ్గర, సామాన్య గృహస్థులు బుద్ధుని మరణించిన మనిషిగా ఎరిగి ఉన్నారన్నది మాత్రం రాతి మీద ఉంది. సూర్యసిద్ధాంతానికి ఇంతకంటె గట్టి దెబ్బ లుంబినిలో కూడా తగలలేదు.

ఉన్నాడని ఒప్పుకున్నా ఎప్పుడున్నాడన్న తగవు తీరలేదు. అశోకుని పట్టాభిషేకానికి 218 ఏళ్ల ముందు నిర్వాణమని సింహళ గ్రంథాలు, సుమారు వందేళ్ల ముందని ఉత్తరాది గ్రంథాలు చెబుతాయి. 1988లో గోటింగెన్‌లో హైన్స్ బెకెర్ట్ ఏర్పాటు చేసిన సదస్సు తరువాత చాలామంది పండితులు క్రీ. పూ. 400 ప్రాంతానికి మొగ్గారు. ఎదురు దిక్కున, విజయవాడకు చెందిన కోట వెంకటాచలం పురాణ వంశావళులను లెక్కగట్టి నిర్వాణం క్రీ. పూ. 1807 అని వాదించారు. పాశ్చాత్యులు మన కాలగణనను కుదించారన్న ఆవేదన ఆయన 1950ల నాటి గ్రంథాలలో మండుతూ ఉంటుంది. ఆవేదన నిజమైనదే, కాని ఆ తేదీని నిలబెట్టే శాసనం ఒక్కటీ లేదు. తన 13వ శిలాశాసనంలో యవన రాజుల పేర్లు చెప్పిన అశోకుణ్ణి వెయ్యేళ్లు వెనుకకు జరపడం సాధ్యమయ్యే పని కాదు.

2013లో లుంబినిలోని మాయాదేవి ఆలయం అడుగున కర్రతో కట్టిన మందిరం ఆనవాళ్లు రాబిన్ కానింగ్‌హామ్ బృందానికి కనిపించాయి. నడుమ చెట్టు వేళ్ల గుర్తులు. కాలం క్రీ. పూ. 6వ శతాబ్ది అన్నారు. అది బౌద్ధ మందిరమేనా, అంతకు పూర్వపు వృక్షపూజా స్థలమా అని వెంటనే ప్రశ్న లేచింది. 2017లో డేవిడ్ డ్రూస్ అనే కెనడా ఆచార్యుడు అసలు విషయానికే తిరిగి వచ్చాడు. బుద్ధుడు లేడని ఆయన అనలేదు. బుద్ధునికి నిర్ధారణ అయిన ఒక్క వాస్తవాన్నైనా పండితులు జతచేయలేకపోయారనీ, అటువంటప్పుడు చారిత్రక పురుషుడనడానికి ఆధారం ఏమిటనీ అడిగాడు. బ్రయన్ లెవ్‌మన్, ఆస్కర్ ఫాన్ హినూబర్ 2019లో జవాబులు రాశారు. విల్సన్ ఉపన్యాసానికి అప్పటికి 165 ఏళ్లు.

పండితులు తేల్చేదాకా భక్తులు ఆగలేదు, బజారు కూడా ఆగలేదు. పిప్రహ్వా అస్థికలు సయాం రాజుకు చేరి, అక్కడి నుంచి బర్మాకు, సింహళానికి పంపకమయ్యాయి. పెప్పే వారసుల వద్ద మిగిలిన మణులను 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలానికి పెట్టగా భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగి, జూలైలో ఒక భారతీయ వ్యాపార సంస్థ కొనుగోలుతో అవి స్వదేశం చేరాయి. భట్టిప్రోలు ధాతువు కథ దీనికంటె నిశ్శబ్దం. దాన్ని మహాబోధి సొసైటీకి ఇవ్వగా, 1920లో కలకత్తా కాలేజీ స్క్వేరులో ప్రారంభమైన ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. తెలుగు రైతుల దిబ్బలోని ఎముక, అండమాన్‌కు ఓడలు బయలుదేరే మరో రేవు పట్టణంలో ఉంది. బర్మా నుంచి వచ్చిన ఖైదీల, ఉద్యోగుల వారసత్వంగా పోర్ట్‌బ్లెయిర్ ఫీనిక్స్ బేలో ఒక బర్మా బౌద్ధాలయం కూడా ఉంది. గరాచర్మ బస్సు ఎక్కేవారు దాని సమీపం నుంచే వెళ్తుంటారు.

శాసనంలో ఇంకొక వివరం ఉంది. భరిణె దానం చేసినవారు నలుగురు: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. వారు బతికి ఉన్నారన్నది నిస్సందేహం. డబ్బు ఇచ్చారు, రాయి చెక్కించారు. తల్లి పేరు ఆ రాతి మీద లేదు. కురుని తల్లి అని మాత్రం ఉంది.